హంపి చూశాం, కంభం చెరువు చూశామా?

ఈసారి విహారయాత్రకు మన బస్సు మార్కాపురం నుంచి కంభం, గిద్దలూరు దాటి, నల్లమల ఘాటెక్కి, నంద్యాల మీదుగా హంపి పోయింది. 1336లో మొదలైన విజయనగరం అది. రాతి రథం చూసి అందరం నోళ్ళు తెరిచాం. నాకైతే మహానవమి దిబ్బ నచ్చింది. ఆ రాళ్ళ మీద వేటాడేవాళ్ళ బొమ్మలు చూస్తే మా తాత గుర్తొచ్చాడు.

1565 యుద్ధంతో ఆ నగరం పాడుబడింది. కానీ ఆ రాజుల కాలంలోనే గుండ్లకమ్మకు అడ్డంగా, కొండల నడుమ కట్టిన కంభం చెరువు, వానలు పడిన ఏడు ఇప్పటికీ పొలాలు తడుపుతోంది. కృష్ణదేవరాయల భార్య వరదరాజమ్మ కట్టించిందంటారు. 2020లో దానికి ప్రపంచ వారసత్వ సాగునీటి కట్టడంగా గుర్తింపొచ్చింది. మనమేమో అంత్యాక్షరి పాడుకుంటా కంభం దాటిపోయాం. ఒక్కరమూ దిగలేదు!

కట్టించినామె పేరు చెప్తారు. మట్టి మోసినోళ్ళ పేర్లు ఎవరూ చెప్పరు. మన అమ్మానాన్నలూ మట్టిపని చేసేవాళ్ళే కదా!

రాజుల నగరం చూడొద్దని నేననను. వార్డెన్ సారుకు నా మనవి ఒకటే: వచ్చే ఏడు బస్సు ముందు కంభం కట్ట దగ్గర ఆపించండి. అది చూసి హంపి పోదాం. మీరేమంటారు?