గడి చిరునామా తెలుసుకోండి

పిల్లలూ! దిల్‌సుఖ్‌నగర్‌లో ఏదైనా దుకాణానికి దారి అడిగి చూడండి. "ఇక్కణ్ణించి రెండు సందులు దాటి ఎడమకు తిరగండి" అంటారు ఒకరు. "మెట్రో పిల్లరు నంబరు ఫలానా, దానికి ఎదురుగా" అంటారు మరొకరు. మొదటి జవాబు మీరు నిలబడ్డ చోటుకే పనికివస్తుంది. ఎల్.బి.నగర్ చౌరస్తాలో నిలబడి దాన్నే పాటిస్తే మరెక్కడో తేలుతారు. రెండవది ఎక్కణ్ణించి బయలుదేరినా మారదు. మొదటిది సాపేక్ష చిరునామా, రెండవది నిరపేక్ష చిరునామా.

ఎక్సెల్ వంటి గళ్ళ పట్టికల్లోని కిటుకు ఇదే. కొన్ని రాళ్ళ ద్రవ్యరాశులను బి2 గడి నుంచి కిందికి వేశారనుకోండి. గురుత్వ త్వరణం 9.8ని ఇ1లో ఉంచారు. సి2లో =బి2*ఇ1 అని రాస్తే మొదటి రాయి బరువు న్యూటన్లలో సరిగానే వస్తుంది. దాన్ని కిందికి లాగితే సి3లో అది =బి3*ఇ2 అవుతుంది. ఇ2 ఖాళీ, ఖాళీ గడి అంటే సున్నా. ఇంకేముంది, రెండో రాయికి బరువే లేదు! కంప్యూటరు మాత్రం తప్పని చెప్పదు. "ఒక గడి పైకి, రెండు గళ్ళు కుడికి" అన్న మీ ఆజ్ఞనే అది పాటించింది. =బి2*$ఇ$1 అని రాస్తే ఇ1 కదలదు. అప్పుడు ఇ1లో 1.6 వేస్తే చాలు, చంద్రుడి మీద ఆ రాళ్ళ బరువులన్నీ వచ్చేస్తాయి.

"ఎఫ్4 నొక్కు, డాలరు గుర్తు వస్తుంది" అని చెప్పి ఊరుకుంటే చాలదని నా అభిప్రాయం. ఆర్1సి1 పద్ధతి కూడా నేర్పాలి. 1982లో వచ్చిన మల్టీప్లాన్‌లో వాడింది ఇదే. ఎక్సెల్‌లో మాక్రో రికార్డు చేస్తే సూత్రాలు నేటికీ ఇలాగే నమోదవుతాయి. ఇందులో ఆర్ అంటే అడ్డు వరుస, సి అంటే నిలువు వరుస. ఆర్1సి5 అంటే ఒకటో అడ్డు వరుస, ఐదో నిలువు వరుస: పిల్లరు నంబరు వంటిది. ఆర్[-1]సి[2] అంటే ఒకటి పైకి, రెండు కుడికి: సందులు లెక్కపెట్టడం వంటిది. మన రాళ్ళ లెక్క ప్రతి వరుసలోనూ =ఆర్‌సి[-1]*ఆర్1సి5 అనే ఉంటుంది. ఎక్కడైనా తేడా ఉంటే ఇట్టే కనబడుతుంది.

"అందరూ ఎ1 పద్ధతే వాడుతుంటే పిల్లలకు ఈ బరువెందుకు?" అని కొందరు అడగవచ్చు. వాడకానికి ఎ1 చాలు, నిజమే. కాని చిరునామా అంటే ఏమిటో అర్థం కావడానికి రెండవది మేలు.

ఇది చిన్న విషయం కాదు. దేశాల అప్పుల గురించి 2010లో రైన్‌హార్ట్, రోగాఫ్ అనే ఆర్థికవేత్తలు రాసిన వ్యాసాన్ని ఎందరో నాయకులు ఉదహరించారు. అందులో ఒక సగటు లెక్క 49వ వరుస దాకా పోవలసింది, 44తోనే ఆగింది. ఐదు దేశాలు జారిపోయాయి. 2013లో ఆ లోపాన్ని, మరికొన్నింటిని బయటపెట్టిన వారిలో థామస్ హెర్న్‌డన్ అప్పటికింకా విద్యార్థే!

కాబట్టి మార్కుల పట్టికైనా, ప్రయోగ ఫలితాలైనా, ఆఖరి వరుసలోని గడిని తెరిచి సూత్రం చదవండి. యంత్రం చెప్పిన అంకెను కూడా పరీక్షించి చూడడమే సైన్సు.