నెక్స్ట్ బటన్ కనపడని వాళ్ల తరఫున

పోయిన సెలవులకి మడకశిర పోయినప్పుడు, మా వీధిలో ఉండే ఒక ఫస్టియర్ పిల్లోడు లాప్‌టాప్ చంకలో పెట్టుకుని ఇంటికొచ్చినాడు. సెకండ్ హ్యాండ్‌ది. శెనిక్కాయలు అమ్మిన డబ్బుతో వాళ్ల నాయన కొనిచ్చింది.

"అన్నా, మూడు రోజులాయ, ఉబుంటు ఎక్కడం లేదు. ఈ బ్రాంచి నాకు సరిపోదేమో అన్నా" అన్నాడు.

తెరిచి చూసినా. వర్చువల్‌బాక్స్‌లో ఇన్‌స్టాలర్ బాగానే నడుస్తోంది. ముందుకి పోవడానికి నొక్కాల్సిన బటన్ మాత్రం ఎక్కడా లేదు. నిజానికి ఉండాది, కానీ 800×600 తెర కింది అంచు దాటి దిగిపోయింది. సూపర్ కీ పట్టుకుని ఆ విండోని మౌస్‌తో పైకి లాగితే బటన్ బయటపడింది. పది సెకన్ల పని. దానికి వాడు మూడు రోజులు తనని తాను తిట్టుకున్నాడు.

చాలామందికి ఇది నవ్వులాటగా ఉంటుంది. "రిజల్యూషన్ కూడా ఒక ప్రాబ్లమా మచ్చా, గూగుల్ చేస్కో" అంటారు. నేనూ అన్నాను ఒకప్పుడు. ఇప్పుడు నా అభిప్రాయం మారింది: లాబ్‌లో మొదటి గంట ఈ తెర కొలత మీదే ఖర్చు పెట్టాలి.

అసలు ఎందుకు వస్తుందో చూడండి. మామూలు కంప్యూటర్‌కి మానిటర్ తగిలిస్తే, ఆ మానిటర్ తన కొలతలు తానే చెప్పుకుంటుంది. వర్చువల్ మెషీన్‌కి నిజమైన మానిటర్ లేదు, ఒక ఉత్తుత్తి డిస్‌ప్లే కార్డు ఉంటుంది. దాన్ని గెస్ట్ అని పిలుస్తాం కదా, అంటే చుట్టం. ఇంట్లో చోటెంత ఉందో ఆ చుట్టానికి ఎవరూ చెప్పలేదు. అందుకే ఒక మూల 800×600లో ముడుచుకుని కూర్చుంటుంది. మన లాప్‌టాప్ 1366×768 అయితే, మొత్తం చుక్కల్లో సగం కూడా వాడుకోదు. చెప్పే మనిషి పేరే గెస్ట్ అడిషన్స్. డివైసెస్ మెనూలో ఆ సీడీ ఇమేజ్ పెట్టి, లోపల ఇన్‌స్టాల్ చేసి, ఒకసారి రీస్టార్ట్ చేసి, వ్యూ మెనూలో ఆటో రీసైజ్ ఆన్ చేస్తే, మనం కిటికీని ఎంత లాగితే లోపలి డెస్క్‌టాప్ అంత అవుతుంది. వీఎంవేర్‌లో అయితే ఇదే పని ఓపెన్ వీఎం టూల్స్ చేస్తుంది.

చెప్పడం తేలిక. ఆ సీడీ వర్చువల్‌బాక్స్‌తోపాటే వస్తుంది గానీ, దాన్ని లోపల కట్టడానికి జీసీసీ, మేక్, కర్నెల్ హెడర్లు కావాలి. అవి నెట్ నుంచి దిగాలి. హాట్‌స్పాట్ మీద ఆధారపడిన వాళ్లకి అదో రోజు. మధ్యలో తెగితే ఎర్రర్ వస్తుంది, అదీ ఇంగ్లీషులో. మా పక్క పిల్లలు చాలామంది ఇంట్లో కన్నడం, బళ్లో తెలుగు, కాలేజీకి వచ్చినాక ఇంగ్లీషు. ఎర్రర్ చదవగానే తప్పు తమదే అనుకుంటారు.

ఇక సలహాలు. "వీడియో మెమరీ 128 పెట్టు" అని అందరూ చెప్తారు. పెట్టండి, నష్టం లేదు. కానీ లెక్క వేయండి: 1366×768 చుక్కలకి, ఒక్కోదానికి 4 బైట్లు చొప్పున, సుమారు 4.2 ఎంబీ. మామూలు డెస్క్‌టాప్ తెర ఒక్కదానికి 16 ఎంబీనే ఎక్కువ. జబ్బు అక్కడ లేదు. ఇంకొకరు ఎక్స్‌రాండర్ కమాండ్ పంపిస్తారు. ముందు సీవీటీతో మోడ్ తయారు చేసుకోవాలి. 1366 అని ఇస్తే అది 1368 అని తిరిగిస్తుంది, వెడల్పు 8తో నిశ్శేషంగా పోవాలి కాబట్టి. అది చూసి నేను ఒక పూటంతా నా టైపింగ్‌ని అనుమానించినాను. పైగా కొత్త ఉబుంటు వేలాండ్ మీద నడుస్తుంటే ఎక్స్‌రాండర్ మాట చెల్లదు. పాత వీడియోలు ఈ సంగతి చెప్పవు.

నాకు బాగా కోపం తెప్పించే సలహా వేరే ఉంది: "కుడి కంట్రోల్, సీ నొక్కు, స్కేల్డ్ మోడ్ వస్తుంది, తెర నిండిపోతుంది." నిండుతుంది. కానీ అది కొలత మార్చడం కాదు, ఉన్న 800×600 బొమ్మనే సాగదీయడం. ఇంగ్లీషు మసకగా ఉన్నా ఊహించి చదివేస్తాం. తెలుగులో అలా కుదరదు. ద, ధ, థ మధ్య తేడా ఒక చిన్న గీత, ఒక చుక్క. ఈ పత్రికకి పోయిన నా కవిత ప్రూఫు నేను స్కేల్డ్ మోడ్‌లోనే దిద్దినాను. ఎడిటరు అక్క తిరిగి పంపినప్పుడు ఎన్ని ఒత్తులు ఎగిరిపోయాయో చూసి సిగ్గేసింది. మన క్లబ్బు వాళ్లకి దీంతో ఏం పని అనేవాళ్లకి అదీ నా జవాబు.

"ఎస్ఎస్‌హెచ్‌తో లోపలికి పో, తెరే అక్కర్లేదు" అనే సీనియర్ల మాట మాత్రం కొట్టిపారేయను. సర్వర్ పనికి అదే సరైన దారి. కానీ ఇన్‌స్టాలర్ దాటని వాడికి ఎస్ఎస్‌హెచ్ ఏం చేస్తుంది?

నేను అడిగేది పెద్దదేం కాదు. లాబ్‌లో ఒక వర్చువల్ మెషీన్‌ని గెస్ట్ అడిషన్స్‌తో సహా సిద్ధం చేసి, ఓవీఏ ఫైలుగా ఎక్స్‌పోర్ట్ చేసి, సెమిస్టర్ మొదటి రోజే అందరికీ కాపీ ఇవ్వండి. ఇంపోర్ట్ కొట్టడమే, డౌన్‌లోడ్ గొడవ ఉండదు. లాబ్ మాన్యువల్ మొదటి పేజీలో తెర కొలత గురించి తెలుగులో పది లైన్లు పెట్టండి. మా సార్లకి తీరిక లేకపోతే ఆ పది లైన్లు మన క్లబ్బే రాస్తుంది.

అంతవరకు, ఆ పిల్లోడి కోసం నేను చేసిన ఓవీఏ నా దగ్గర ఉంది. కావాల్సినవాళ్లు పెన్‌డ్రైవ్ తీసుకుని సాయంత్రం హాస్టల్‌కి రండి. ఫ్యాట్32 ఫార్మాట్‌లో ఉన్నది మాత్రం తేవద్దు, 4 జీబీ దాటిన ఫైలు దాంట్లో ఎక్కదు. నిన్న ఇద్దరిని ఉత్త చేతుల్తో వెనక్కి పంపినాను.