ప్రెసిడెంటు గారి సంతకం

తిరువూరు చుట్టుపక్కల పల్లెల్లో 'ప్రెసిడెంటు గారు' అంటే ఢిల్లీలో ఉండే రాష్ట్రపతి కాదు, ఊరి సర్పంచి. పదవి దిగిపోయి ఇరవై ఏళ్లయినా ఆయన ప్రెసిడెంటు గారే. వాళ్లిల్లు ప్రెసిడెంటు గారిల్లే. వీధి లైటు వెలగకపోయినా, కుళాయి రాకపోయినా, అన్నదమ్ములు పొలం గట్టు దగ్గర గొడవపడినా జనం ముందు వెళ్లేది ఆ గుమ్మానికే. అందుకే ఢిల్లీ ప్రెసిడెంటు గురించి కూడా మనవాళ్లకో లెక్క ఉంది. ఊరి ప్రెసిడెంటు మాటకే ఇంత విలువుంటే, దేశానికి ప్రెసిడెంటు తలచుకుంటే కానిదేముంటుంది అని!

రాజ్యాంగం తెరిచి చూస్తే ఆ లెక్క తప్పు కాదనిపిస్తుంది. కేంద్రం కార్యనిర్వాహక అధికారమంతా రాష్ట్రపతిదేనని 53వ అధికరణం చెబుతోంది. త్రివిధ దళాలకు అధిపతి ఆయనే. ప్రధానిని నియమించేది ఆయనే. పార్లమెంటు ఆమోదించిన బిల్లు చట్టం కావాలంటే ఆయన సంతకం పడాలి. సభలు లేని రోజుల్లో ఆర్డినెన్సు తేవాలన్నా, ఉరిశిక్ష పడినవాడికి ప్రాణభిక్ష పెట్టాలన్నా ఆయన సంతకమే కావాలి.

ఇంకొన్ని పేజీలు తిప్పి 74వ అధికరణం దగ్గరికి వచ్చేసరికి కథ మారిపోతుంది. ఇవన్నీ మంత్రిమండలి సలహా ప్రకారమే చేయాలి. 1976లో వచ్చిన 42వ సవరణ ఆ సలహాను పాటించి తీరాలని తేల్చేసింది. 1978 నాటి 44వ సవరణ కాస్త వెసులుబాటు ఇచ్చింది. సలహా నచ్చకపోతే, మళ్లీ ఆలోచించమని ఒక్కసారి తిప్పి పంపవచ్చు. మంత్రిమండలి రెండోసారీ అదే మాట అంటే కాదనడానికి లేదు.

ఇక్కడ 159, అక్కడ 132

ఊరి ప్రెసిడెంటుకూ దేశ ప్రెసిడెంటుకూ మొదటి తేడా ఎన్నికలోనే ఉంది. సర్పంచికి ఊళ్లో ప్రతి ఇల్లూ ఓటేస్తుంది. రాష్ట్రపతికి మనం ఓటెయ్యం. మన తరఫున ఎంపీలు, ఎమ్మెల్యేలు వేస్తారు. ఎమ్మెల్యే ఓటుకు ఒక విలువ ఉంటుంది. దాన్ని 1971 జనాభా లెక్కల ప్రకారం కడతారు. 2022 ఎన్నికలో తిరువూరు ఎమ్మెల్యే ఓటు విలువ 159. పొరుగునే ఉన్న సత్తుపల్లి ఎమ్మెల్యే ఓటు విలువ 132. రాష్ట్రం ఒక్కటిగా ఉన్నప్పుడు ఇద్దరిదీ 148!

జనం నేరుగా ఎన్నుకుంటే ప్రధానికీ రాష్ట్రపతికీ పోటీ వస్తుందని, ఒక ఒరలో రెండు కత్తులు ఇమడవని రాజ్యాంగం రాసినవాళ్లు ముందే ఆలోచించారు. అందుకే గౌరవం రాష్ట్రపతికి ఇచ్చి, పెత్తనం పార్లమెంటుకు జవాబు చెప్పే మంత్రివర్గానికి అప్పగించారు. పదవి పోవడంలోనూ తేడా ఉంది. సర్పంచిని కలెక్టరు తప్పించగలరు. రాష్ట్రపతిని తప్పించాలంటే పార్లమెంటు ఉభయ సభల్లోనూ మొత్తం సభ్యుల్లో మూడింట రెండు వంతుల మంది అభిశంసనకు ఓటెయ్యాలి. ఇంతవరకు అలా జరగనే లేదు.

ఇటు కన్నీరు, అటు పండుగ

ఈ అధికారం ఎంతో, దాని హద్దు ఏమిటో తిరువూరు వాళ్లకు 2014లో అనుభవంలోకి వచ్చింది. మన ఊరు దాటి కాస్త దూరం పోతే ఖమ్మం జిల్లా. కల్లూరు, సత్తుపల్లి, మధిరల్లో మనకు వియ్యాలున్నాయి, వ్యాపారాలున్నాయి. ఒకప్పుడు అది నైజాం ఏలుబడి, ఇది ఇంగ్లీషువాళ్ల కృష్ణా జిల్లా. 1956 నవంబరు 1న ఆ గీత చెరిగింది. 2014 జూన్ 2న మళ్లీ రాష్ట్రాల సరిహద్దుగా పడింది.

విభజన బిల్లును రాష్ట్రపతి ప్రణబ్ ముఖర్జీ 2013 డిసెంబరులో మన శాసనసభ అభిప్రాయం కోసం పంపారు. జనవరి 23 దాకా గడువిచ్చారు. ఇంకా సమయం కావాలంటే మరో వారం పెంచారు. జనవరి 30న శాసనసభ మూజువాణి ఓటుతో బిల్లును తిరస్కరించింది. ఇంకేముంది, ఆగిపోయిందని ఇటువైపు చాలామంది అనుకున్నారు. 3వ అధికరణం అడిగింది అభిప్రాయమే గాని అనుమతి కాదు. ఫిబ్రవరి 18న లోక్‌సభ, 20న రాజ్యసభ బిల్లును ఆమోదించాయి. మార్చి 1న రాష్ట్రపతి సంతకం చేశారు.

ఆ మధ్యలో ఇటు నాయకులు సంతకం పెట్టవద్దని, అటు నాయకులు త్వరగా పెట్టమని ఢిల్లీ వెళ్లి వేడుకున్నారు. రాష్ట్రపతి ఒకసారి తిప్పి పంపి ఉండవచ్చు కదా అంటే, 111వ అధికరణం ప్రకారం పంపవచ్చు. పార్లమెంటు మళ్లీ ఆమోదిస్తే సంతకం తప్పదు. అంటే ఆయన కొంత ఆలస్యం చేయగలరే గాని అడ్డుకోలేరు. ఇంకా విచిత్రం, అదే ఏడాది మే 29న ముంపు మండలాలను ఖమ్మం జిల్లా నుంచి ఆంధ్రప్రదేశ్‌లో కలుపుతూ వచ్చిన ఆర్డినెన్సు మీదా రాష్ట్రపతి సంతకమే ఉంది. ఈసారి బాధ అటువైపు వాళ్లది. రెండుసార్లూ నిర్ణయం కేంద్ర మంత్రివర్గానిదే.

అనంతపురం పెద్దాయన

అలాగని రాష్ట్రపతిని రబ్బరు స్టాంపు అనడం కూడా సరికాదు. ఏ పార్టీకీ మెజారిటీ లేనప్పుడు సలహా చెప్పే మంత్రివర్గమే సందేహంలో పడుతుంది. అప్పుడు బరువంతా రాష్ట్రపతి బుర్ర మీదే. ఆ పరీక్ష మొదటిసారి గట్టిగా ఎదురైంది మన తెలుగువాడికే.

నీలం సంజీవరెడ్డి అనంతపురం జిల్లా ఇల్లూరులో పుట్టారు. ఆంధ్రప్రదేశ్ తొలి ముఖ్యమంత్రి. 1969లో కాంగ్రెస్ అధికార అభ్యర్థిగా రాష్ట్రపతి పదవికి పోటీచేసి మరో తెలుగువాడు వి.వి. గిరి చేతిలో ఓడిపోయారు. 1977లో పోటీ లేకుండా ఎన్నికయ్యారు. ఇంతవరకు ఆ ఘనత ఆయన ఒక్కరిదే.

1979 జులై 15న ప్రధాని మొరార్జీ దేశాయ్ రాజీనామా చేశారు. ఎవరిని పిలవాలి? సంజీవరెడ్డి ముందు ప్రతిపక్ష నాయకుడు వై.బి. చవాన్‌ను పిలిచారు. ఆయన వల్ల కాలేదు. మొరార్జీ, చరణ్ సింగ్ ఇద్దరినీ మద్దతుదారుల జాబితాలు తెమ్మన్నారు. జులై 28న చరణ్ సింగ్ చేత ప్రమాణం చేయించి, ఆగస్టు మూడో వారంలోగా లోక్‌సభలో బలం చూపించమన్నారు. ఇందిరాగాంధీ మద్దతు ఉపసంహరించడంతో చరణ్ సింగ్ సభ మొహం చూడకుండానే ఆగస్టు 20న రాజీనామా చేసి, సభను రద్దు చేయమని సలహా ఇచ్చారు. తనకు బలముందన్న జగ్జీవన్ రామ్‌ను పిలవకుండా ఆగస్టు 22న సంజీవరెడ్డి లోక్‌సభను రద్దు చేశారు.

ఒక్కరోజైనా బలం నిరూపించుకోని ప్రధాని సలహాకు కట్టుబడాలా? జగ్జీవన్ రామ్‌కు ఒక అవకాశం ఇస్తే ఏం పోయేది? ఫిరాయింపుల మీద కట్టిన ప్రభుత్వం ఎన్నాళ్లు నిలిచేది? ఆ వాదన ఇప్పటికీ తెగలేదు. ఒక మనిషి నిర్ణయంతో దేశం 1980 జనవరిలో ఎన్నికలకు వెళ్లిందన్నది మాత్రం నిజం.

తర్వాత వచ్చినవాళ్లు తమకున్న కాస్త చోటునూ రకరకాలుగా వాడుకున్నారు. జైల్ సింగ్ 1986 నాటి తపాలా బిల్లుపై సంతకం పెట్టలేదు, తిప్పి పంపలేదు, అట్టేపెట్టారు. సంతకానికి రాజ్యాంగంలో గడువు లేదు. కోర్టులు కూడా గడువు పెట్టలేవని సుప్రీంకోర్టు 2025 నవంబరులో అభిప్రాయం చెప్పింది. 1997లో ఉత్తరప్రదేశ్‌లో రాష్ట్రపతి పాలన పెడదామన్న సలహాను కె.ఆర్. నారాయణన్ తిప్పి పంపితే కేంద్రం వెనక్కి తగ్గింది. 2006లో అబ్దుల్ కలాం లాభదాయక పదవుల బిల్లును తిప్పి పంపారు. పార్లమెంటు దాన్నే మళ్లీ ఆమోదించింది, ఆయన సంతకం చేశారు.

ప్రాణం మీద సంతకం

అన్నిటికన్నా బరువైన సంతకం 72వ అధికరణం కింద పెట్టేది. 1993 మార్చిలో చిలకలూరిపేట దగ్గర దోపిడీ కోసం బస్సు తగలబెడితే 23 మంది ప్రయాణికులు కాలిపోయారు. ఇద్దరు యువకులకు ఉరిశిక్ష పడింది. వాళ్ల అర్జీని రాష్ట్రపతి శంకర్ దయాళ్ శర్మ తిరస్కరించారు. 1997 మార్చిలో ఉరి తీయబోయే ముందు సుప్రీంకోర్టు ఆపింది. మళ్లీ అర్జీ వెళ్లింది. 1998లో నారాయణన్ హయాంలో శిక్ష యావజ్జీవంగా మారింది. ఆ బస్సులో బిడ్డను పోగొట్టుకున్న తల్లికి ఇది న్యాయమా అంటే జవాబు చెప్పడం కష్టం. ఆ కుర్రాళ్లను కన్న తల్లిని అడిగితే ఇంకో జవాబు వస్తుంది. ఈ విషయంలోనూ రాష్ట్రపతి నడవాల్సింది మంత్రిమండలి సలహా ప్రకారమే.

ఏ కష్టమొచ్చినా రాష్ట్రపతికి అర్జీ రాసుకునేవాళ్లు మనలో ఉన్నారు. రాయడం తప్పు కాదు. అది అక్కడి నుంచి సంబంధిత శాఖకే వస్తుంది. ఢిల్లీ ప్రెసిడెంటు గారికి సలహా చెప్పేది మంత్రివర్గం. మంత్రివర్గాన్ని నిలబెట్టేదీ పడగొట్టేదీ లోక్‌సభ. అక్కడికి మనిషిని పంపేది మనం. మన ఎంపీ ఐదేళ్లలో ఎన్నిసార్లు నోరు విప్పారు, ఏ బిల్లుకు చెయ్యెత్తారు అన్నది అడిగితే మన అర్జీ సగం దూరం వెళ్లినట్టే.