ఆకాశంలో ఎదురుపడితే తప్పుకునేదెవరు?

మచ్చ బొల్లారం: హకీంపేట విమానదళ స్థావరం పొరుగునే ఉన్న ఈ ఊరివారికి విమానాల మోత కొత్త కాదు. ఇటు హకీంపేట, అటు దుండిగల్ విమానదళ అకాడమీ, దక్షిణాన బేగంపేట. 2008 మార్చి నుంచి ప్రయాణికుల విమానాలు శంషాబాద్‌కు తరలిపోయినా, మన నెత్తిమీది ఆకాశం ఖాళీ కాలేదు. ఇన్ని విమానాలు తిరుగుతుంటే ఒకదానినొకటి ఢీకొనవా అన్న సందేహం ఇక్కడివారికి కలగడం సహజమే.

ఢీకొన్న సందర్భాలు లేకపోలేదు. 1996 నవంబర్ 12న హర్యానాలోని చర్ఖీ దాద్రీ వద్ద సౌదీ అరేబియా, కజకిస్తాన్ విమానాలు ఆకాశంలోనే ఢీకొని 349 మంది మరణించారు. ఏ ఎత్తులో ఉండాలో నేల మీది కంట్రోలర్ చెప్పినప్పటికీ, కజక్ విమానం అంతకంటె కిందికి దిగిపోయింది. అపాయాన్ని పసిగట్టే యంత్రం ఆ రెండింటిలో దేనిలోనూ లేదు. ఆ దుర్ఘటన తరువాతనే మన దేశంలో పెద్ద ప్రయాణికుల విమానాలకు ఆ యంత్రాన్ని తప్పనిసరి చేశారు. దానినే టీకాస్ అంటారు.

ఇది పనిచేసే తీరు కష్టమైనదేమీ కాదు. ప్రయాణికుల విమానాల్లో ట్రాన్స్‌పాండర్ అనే రేడియో పరికరం ఉంటుంది. చీకట్లో పొలం గట్టున నడిచేవాడు "ఎవరక్కడ?" అని కేకేస్తే అవతలివాడు పలికినట్లు, టీకాస్ సుమారు సెకనుకొకసారి రేడియోలో పిలుస్తుంది. చుట్టుపక్కల విమానాల పరికరాలు తమ ఎత్తు చెప్పి బదులిస్తాయి. బదులు రావడానికి పట్టిన కాలాన్నిబట్టి దూరం తేలుతుంది. ఢీకొనేందుకు సుమారు 40 సెకన్ల వ్యవధి ఉందనగా "ట్రాఫిక్, ట్రాఫిక్" అని హెచ్చరిస్తుంది. వ్యవధి సుమారు 25 సెకన్లకు తగ్గితే "పైకి" అనో "కిందికి" అనో ఆజ్ఞ ఇస్తుంది. కుడి ఎడమలకు తిరగమని చెప్పదు. రెండు యంత్రాలూ ముందే కూడబలుక్కుంటాయి గనుక ఒకదానిని పైకి, రెండవదానిని కిందికి పంపుతాయి.

2018 జూలై 10న కోయంబత్తూరు నుంచి హైదరాబాద్ వస్తున్న ఇండిగో విమానం, బెంగుళూరు నుంచి కొచ్చిన్ వెళ్తున్న అదే సంస్థ విమానం బెంగుళూరు గగనతలంలో దగ్గరయ్యాయి. వాటి ఎత్తులో తేడా సుమారు 200 అడుగులు. రెండింటిలో కలిపి 300 మందికి పైగా ఉన్నారు. యంత్రం హెచ్చరించింది, పైలట్లు పాటించారు, అందరూ క్షేమంగా దిగారు.

పాటించకపోతే ఏమవుతుందో 2002 జూలై 1న జర్మనీలోని ఉబర్లింగెన్ వద్ద లోకం చూసింది. ఒక విమానాన్ని యంత్రం పైకి వెళ్లమన్నది, కంట్రోలర్ కిందికి దిగమన్నాడు. పైలట్ మనిషి మాటే విన్నాడు. రెండవ విమానం యంత్రం చెప్పినట్లు కిందికే దిగుతోంది. రెండూ ఢీకొని 71 మంది చనిపోయారు. వారిలో బడిపిల్లలే ఎక్కువ. అలాంటి సమయంలో కంట్రోలర్ మాట కంటె టీకాస్ ఆజ్ఞే శిరోధార్యమన్న నియమం ఆ తరువాత మరింత స్పష్టమైంది.

అయితే ఈ యంత్రానికీ హద్దులున్నాయి. నేలకు సుమారు 1,000 అడుగుల లోపు ఎత్తులో అది పైకి, కిందికి అని ఆజ్ఞలు ఇవ్వదు. రన్‌వేకు దిగే విమానానికి ఆ చివరి ఘట్టంలో పైలట్ కళ్లు, కంట్రోలర్ మాట మాత్రమే దిక్కు. పైగా ట్రాన్స్‌పాండర్ లేని వస్తువు టీకాస్‌కు కనబడదు. పక్షి, గాలిపటం, పెళ్లి వీడియో తీసే డ్రోన్ ఇవేవీ దాని పిలుపుకు పలకవు.

మన బాధ్యత ఇక్కడే మొదలవుతుంది. విమానాశ్రయానికి 10 కిలోమీటర్ల లోపు పక్షులు మూగేలా చెత్త, కళేబరాలు వేయరాదని నిబంధన ఉంది. 2021 డ్రోన్ నిబంధనల ప్రకారం ఎర్ర మండలంలో కేంద్ర ప్రభుత్వ అనుమతి లేకుండా డ్రోన్ ఎగరవేయరాదు. తమ ప్రాంతం ఏ మండలంలో ఉన్నదో డిజిటల్ స్కై పటంలో చూసుకున్నాకే పెళ్లివారు డ్రోన్ మాట్లాడుకోవడం మంచిది. ఆకాశంలో యంత్రం కాపలా కాస్తుంది. అది పనిచేయని ఆ చివరి వెయ్యి అడుగులు మాత్రం మన ఇళ్ల మీదనే ఉన్నాయన్న సంగతి మరువరాదు.