అర్జీ మన చేత్తోనే రాద్దాం



మన పద్మారావు నగర్ హాస్టల్‌లో కంప్యూటర్ చదువులు చదివేవాళ్ళు ఇప్పుడు ప్రతి గదిలోనూ ఉన్నారు. ఎవరి బయోడేటా చూసినా జావా, పైథాన్, వాటి వెనక పదిరకాల ఫ్రేమ్‌వర్క్‌ల పేర్లు వరుసగా కనిపిస్తాయి. ఆ పేర్లకు మేము వ్యతిరేకం కాదు. మేము చెప్పదలచుకున్నది ఒక్కటే. వెబ్ రంగంలో ఉద్యోగం చేయాలనుకునే ప్రతి విద్యార్థీ కనీసం ఒక్కసారి, వెబ్ లైబ్రరీలేవీ వాడకుండా, సాకెట్ తెరిచి, సర్వర్‌కు పంపే రిక్వెస్ట్‌ను అక్షరం అక్షరం తానే రాసి పంపాలి. వచ్చిన జవాబును తన ప్రోగ్రాంతోనే చదవాలి. వంద పంక్తులు దాటని పని ఇది.

రిక్వెస్ట్ అంటే అర్జీ. అర్జీ సంగతి మనకు ఎవరూ కొత్తగా చెప్పనక్కర్లేదు. మా ఇళ్ళలో డిగ్రీ దాకా వచ్చిన మొదటివాళ్ళం మేమే. మా అమ్మానాన్నలు రేషన్ కార్డుకైనా, పట్టా కాగితానికైనా మండలాఫీసు ముందు చెట్టు కింద కూర్చునే మనిషి చేత అర్జీ రాయించుకునేవారు. ఆయన రాసింది ఏమిటో వాళ్ళకు తెలియదు. పని కాకపోతే తప్పు అర్జీలో ఉందో, ఆఫీసులో ఉందో కూడా తెలియదు. మళ్ళీ డబ్బులిచ్చి మళ్ళీ రాయించుకోవడమే. ఈనాటి రెడీమేడ్ లైబ్రరీ కూడా అలా అర్జీ రాసిపెట్టే మనిషే. మంచివాడే, పనిమంతుడే. కానీ ఆయన రాసింది చదవగలిగినవాడికీ చదవలేనివాడికీ చాలా తేడా ఉంది.

ఇంతకీ ఆ అర్జీలో ఏముంటుంది? ముందు దాన్ని మోసుకుపోయే దారి చూద్దాం. సాకెట్ అనేది 1983లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం, బర్క్‌లీ వారు విడుదల చేసిన యూనిక్స్‌తో బాగా వాడుకలోకి వచ్చింది. మన ప్రోగ్రాంకూ దూరాన ఉన్న ప్రోగ్రాంకూ మధ్య ఫోను లైను లాంటిది అనుకోండి. ముందు సైటు పేరుకు అంకెల చిరునామా కనుక్కోవాలి. తర్వాత సాకెట్ తెరవాలి. ఆ చిరునామాలో 80వ నంబరు పోర్టుకు కనెక్ట్ కావాలి. ఆపైన సెండ్ చేయాలి, రిసీవ్ చేయాలి, చివరికి మూసేయాలి. నలభై ఏళ్ళు దాటినా వరుస ఇదే.

ఇక అర్జీ. మొదటి పంక్తిలో మూడు మాటలు: ‘గెట్’ అనే క్రియ, కావలసిన పేజీ దారి, ‘హెచ్‌టీటీపీ/1.1’ అనే పద్ధతి పేరు. రెండో పంక్తిలో ‘హోస్ట్’ అని రాసి సైటు పేరు. మూడో పంక్తిలో, జవాబు ఇచ్చాక లైను మూసెయ్యమని ‘కనెక్షన్: క్లోజ్’. ఆ తర్వాత ఒక ఖాళీ పంక్తి. అంతే.

చిరునామా వెతికి కనెక్ట్ అయ్యాక మళ్ళీ సైటు పేరెందుకు అని తమ్ముళ్ళు అడుగుతారు. మంచి ప్రశ్న. ఒకే యంత్రంలో, ఒకే అంకెల చిరునామాలో వందల సైట్లు ఉండవచ్చు. పెద్ద భవనానికి ఉత్తరం చేరినా, ఏ ఆఫీసుకో కవరు మీద రాయకపోతే ఎవరికిస్తారు? 1991 నాటి తొలి పద్ధతిలో అర్జీ మొత్తం ఒకే పంక్తి. 1997లో వచ్చిన 1.1 పద్ధతిలో హోస్ట్ పంక్తి తప్పనిసరి అయింది. అది లేకపోతే ‘400’ అని తిప్పికొట్టాలన్నది నియమం.

ఆ ఖాళీ పంక్తి అర్జీ కింద సంతకం లాంటిది. ప్రతి పంక్తి చివరా 13, 10 అనే రెండు బైట్లు పెట్టాలి. పాత టెలిటైప్ యంత్రాల్లో మొదటిది ముద్రించే భాగాన్ని ఎడమకు తెచ్చేది, రెండోది కాగితాన్ని పైకి జరిపేది. ఆ అలవాటు ఇప్పటికీ మిగిలింది. ఖాళీ పంక్తి మరిచిపోతే సర్వర్ తప్పు పట్టదు, తిట్టదు. ఇంకా ఏదో రాస్తున్నారు కాబోలని ఎదురుచూస్తుంది. మన ప్రోగ్రాం జవాబు కోసం ఎదురుచూస్తుంది. ఇద్దరూ మౌనం. ఎక్కడో ఏదో ‘హ్యాంగ్ అయింది’ అనే మాట వెనక ఇంత చిన్న కారణం ఉండవచ్చని చేత్తో రాసినవాడికే తెలుస్తుంది.

అసలు పాఠం జవాబు చదవడంలో ఉంది. ఒకసారి రిసీవ్ అంటే ఒక పేజీ మొత్తం వస్తుందని చాలామంది అనుకుంటారు. టీసీపీ అలా పనిచేయదు. అది మన హాస్టల్ కుళాయి లాంటిది. ధార వస్తూ ఉంటుంది, ఎంత వస్తే అంత పట్టుకోవాలి, బక్కెట నిండేదాకా పడుతూనే ఉండాలి. చిన్న పేజీకి ఒకసారి చదివితే సరిపోవచ్చు. పెద్ద పేజీ సగంలో తెగుతుంది. కాబట్టి లూపు పెట్టి, అవతలివాళ్ళు మూసేశారని సున్నా వచ్చేదాకా చదవాలి. లైను మూయకుండా ఉంచితే, ‘కంటెంట్ లెంగ్త్’ అనే పంక్తిలో చెప్పిన లెక్క ప్రకారం చదవాలి. కొన్నిసార్లు ఆ పంక్తి ఉండదు. జవాబు ముక్కలుగా వస్తుంది. ప్రతి ముక్క ముందూ దాని పొడవు ఉంటుంది. సున్నా పొడవు ముక్క వస్తే అయిపోయినట్టు.

ఇక్కడ మన తెలుగు మనకు మంచి గురువు. ‘తెలుగు’ అనే మాట కంటికి మూడక్షరాలు. యూనికోడ్‌లో గుణింతపు గుర్తులతో కలిపి ఆరు. యూటీఎఫ్-8లో ఒక్కొక్కటికి మూడు బైట్లు, అంటే పద్దెనిమిది. కంటెంట్ లెంగ్త్ చెప్పేది బైట్ల లెక్క. ఇంగ్లీషు పేజీతో పరీక్షించేవాడికి అక్షరమూ బైటూ ఒకటే అనిపిస్తుంది. తెలుగు పేజీతో పరీక్షిస్తే ఆ భ్రమ మొదటి రోజే పోతుంది. పైగా ధార ఒక అక్షరం మధ్యలో కూడా తెగవచ్చు. రెండు బైట్లు ఇప్పుడు, మూడోది తర్వాత. అన్నీ పోగుచేశాకే అక్షరాలుగా మార్చాలి. తెలుగు మీడియం నుంచి వచ్చామని కుంగిపోయే తమ్ముళ్ళూ చెల్లెళ్ళూ ఈ సంగతి గమనించాలి.

దీనికి కొన్ని అభ్యంతరాలు ఉన్నాయి. అవి విన్నాకే మేము ఈ వ్యాసం రాస్తున్నాం.

మొదటిది: ఇప్పుడంతా హెచ్‌టీటీపీఎస్ కదా, 80వ పోర్టులో ఏముంది? నిజమే. 2003 డిసెంబరులో మొదలైన తెలుగు వికీపీడియాను ఇవాళ 80వ పోర్టులో అడిగితే పేజీ ఇవ్వదు. 301 అని చెప్పి భద్రమైన చిరునామాకు పంపిస్తుంది. అక్కడ 443వ పోర్టు, మధ్యలో టీఎల్‌ఎస్ రహస్య లిపి. ఆ లిపిని చేత్తో రాయమని మేము అనం, రాయకూడదు కూడా. పైథాన్‌లో దానికి సిద్ధంగా ఉన్న మాడ్యూల్‌తో సాకెట్‌ను చుట్టండి. లోపల 1.1 పద్ధతిలో పోయేవి ఆ నాలుగు పంక్తులే. 2015 నాటి రెండో రూపంలో, 2022 నాటి మూడో రూపంలో రాత బైనరీ అయింది, రవాణా మారింది. కానీ గెట్, దారి, సైటు పేరు, జవాబు సంఖ్య అన్న భావాలు మారలేదు.

రెండోది: ఉద్యోగంలో ఎవరైనా ఇలా రాస్తారా? రాయరు, రాయనవసరం లేదు. లైబ్రరీలే వాడండి. అమీర్‌పేటలో మైత్రీవనం చుట్టూ ఉన్న కోచింగ్ సెంటర్లు మన అన్నలు ఎందరికో ఉద్యోగ దారి చూపించాయి. ఆ మేలు కాదనలేం. కానీ అక్కడ చెప్పేది ఈ ఏడాది కంపెనీలు అడిగేది. అడిగేది మారితే మళ్ళీ కోర్సు, మళ్ళీ ఫీజు. రెండోసారి ఫీజు కట్టే స్తోమత మన ఇళ్ళలో ఎంతమందికి ఉంది? అందుకే మారేదాని కంటే నిలిచేదాన్ని ముందు పట్టుకోవాలంటున్నాం. 2022లో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 9112 అనే పత్రంలో 1.1 రాత పద్ధతి అంతా ఉంది. రూపాయి ఖర్చు లేకుండా ఎవరైనా చదువుకోవచ్చు.

మూడోది: నెట్ సరిగా ఉండదు, అందరికీ లాప్‌టాప్‌లు లేవు. ఈ పనికి నెట్ అక్కర్లేదు. ప్రతి కంప్యూటరుకూ తనను తాను పిలుచుకునే చిరునామా ఒకటుంది, 127.0.0.1. పైథాన్‌తో పాటు వచ్చే చిన్న వెబ్ సర్వర్‌ను ఒక్క ఆదేశంతో 8000వ పోర్టులో నడపవచ్చు. పక్క కిటికీలో మన క్లయింట్. ఒక పాత కంప్యూటర్ ముందు నలుగురు కూర్చుని నేర్చుకోవచ్చు.

ఇదంతా ఉద్యోగం కోసమే కాదు. స్కాలర్‌షిప్ దరఖాస్తు చివరి తేదీ రాత్రి నెట్ సెంటర్లో ‘సబ్మిట్’ నొక్కితే ఏదో సంఖ్య వస్తుంది. ‘సర్వర్ డౌన్, రేపు రా’ అంటారు. మనం తలూపి వచ్చేస్తాం. రేపటికి తేదీ పోతుంది. పేరుకు చిరునామా దొరకకపోవడం వేరు, కనెక్షన్ నిరాకరించడం వేరు, గడువు దాటినా జవాబు రాకపోవడం వేరు. 4తో మొదలయ్యే సంఖ్య వస్తే అర్జీలో లోపం ఉందని సర్వర్ చెబుతోంది. 5తో మొదలైతే తప్పు తనదేనని అది ఒప్పుకుంటోంది. తప్పు తనదని సంఖ్య వేసి మరీ ఒప్పుకునే ఆఫీసు మన పెద్దలకు ఎప్పుడైనా ఎదురైందా? ఆ సంఖ్యను, సమయాన్ని రాసుకుని ఫిర్యాదు చేసే విద్యార్థిని ‘నీకేం తెలుసు’ అని పంపేయడం అంత తేలిక కాదు.

ఒక హెచ్చరిక. ప్రోగ్రాం చేతికొచ్చింది కదా అని లూపులో వేల అర్జీలు ఎవరి సర్వర్‌కూ పంపకండి. ఫలితాల రోజున లక్షల మంది ఒకేసారి తలుపు తడితే సైటు ఎలా చతికిలపడుతుందో మనందరికీ తెలుసు. సాధన మన యంత్రం మీదే చేద్దాం.

ఈ వార్షికోత్సవం సందర్భంగా మా పీజీ విద్యార్థుల తరఫున ఒక మాట ఇస్తున్నాం. వచ్చే నాలుగు ఆదివారాలు సాయంత్రం స్టడీ హాలులో కూర్చుంటాం. మొదటి వారం సాకెట్, రెండో వారం అర్జీ, మూడో వారం జవాబు చదవడం, నాలుగో వారం టీఎల్‌ఎస్. డిగ్రీ తమ్ముళ్ళు ఎవరైనా రావచ్చు, ఫీజు లేదు. ఉద్యోగాల్లో స్థిరపడిన పూర్వ విద్యార్థులైన అన్నలను మేము చందా అడగడం లేదు. ఇంట్లో మూలన పడి ఉన్న పాత కంప్యూటర్ ఒకటి, వీలైతే ఒక ఆదివారం సాయంత్రం అడుగుతున్నాం. మన తమ్ముళ్ళ అర్జీ తమ్ముళ్ళే రాసుకోవడానికి ఆ రెండూ చాలు.