మైకు మన ఆడబిడ్డల చేతికి రావాలి

2025 జనవరిలో అమెరికా తన విదేశీ సాయాన్ని నిలిపేసింది. ఎన్నో దేశాల్లో పౌర సంఘాలు, మహిళా అభ్యర్థుల శిక్షణ, యువజన కార్యక్రమాలు ఆ డబ్బు మీదే నడిచేవి. ఒక్క సంతకంతో అవి ఆగిపోయాయి.

బయటి సాయం మనకూ కొత్త కాదు. 1990ల మధ్యలో ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం మహబూబ్‌నగర్, కర్నూలు, అనంతపురం జిల్లాల్లో మహిళా పొదుపు సంఘాలకు ఊతమిచ్చింది. ఆ మేలును కాదనలేం. అయితే అదే దశాబ్దం చివర ప్రపంచ బ్యాంకు అప్పుతో పాటు కరెంటు సంస్కరణల షరతులూ వచ్చాయి. ఛార్జీల పెంపును ఎదిరించిన వారిపై 2000 ఆగస్టు 28న బషీర్‌బాగ్‌లో తుపాకులు పేలాయి. అరువు సొమ్ము బరువు చేటన్నారు పెద్దలు.

2018 పంచాయతీరాజ్ చట్టం మన రాష్ట్రంలో సగం స్థానాలు మహిళలకిచ్చింది. కానీ చాలాచోట్ల సంతకం ఆమెది, మాట భర్తది. ఓపెన్‌కాస్టు గనికి ప్రజాభిప్రాయ సేకరణ జరిగే రోజు ఇది ఊరి భూములకే ముప్పు. కలెక్టర్ ముందు లెక్క అడగాల్సిన సర్పంచ్ వెనక వరుసలో కూర్చుంటే నష్టం అందరిదీ.

గెలిచిన మహిళలకు చట్టాలు, నిధుల లెక్కలు నేర్పడం ప్రభుత్వ బాధ్యత. దానికోసం కొట్లాడుదాం. అంతవరకు మన సభ్యత్వ రుసుములో కొంత తీసి, శ్రీరాంపూర్ చుట్టుపక్కల వార్డు మెంబర్లకు, చదువుకున్న పిల్లలకు మనమే తరగతులు పెడదామని ప్రతిపాదిస్తున్నాం. గ్రామ కమిటీల్లో చర్చించి మీ నిర్ణయం తెలపండి.