పెళ్ళి అమ్మాయికి, గొడ్డలి చెట్టుకా?

ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్నారు పెద్దలు. ఈ రెండు పనుల్లోనూ ఇంటి యజమాని సగం చస్తాడో లేదో గాని, పెరట్లో చెట్టు మాత్రం పూర్తిగా చస్తుంది. నమ్మకపోతే మీ పుట్టింట్లోనో, అత్తింట్లోనో ఒకసారి లెక్క చూసుకోండి. గెట్టు మీది టేకులు ఎప్పుడు కొట్టారు? అక్కయ్య పెళ్ళికి. ఆ పెద్ద చింత? చిన్నత్త పెళ్ళికి. బావి దగ్గరి వేప? కొత్తింటి ద్వారబంధాలకి. ఆడపిల్లకీ గొడ్డలికీ ఇంత దగ్గర చుట్టరికం ఎవరు కలిపారో తెలియదుగాని, ఆ సంబంధం తెంపాలనే ఈ నాలుగు మాటలూ రాస్తున్నాను.

నేను రామారెడ్డి కోడలిని. కామారెడ్డి దగ్గర, ఇసన్నపల్లి కాలభైరవస్వామి గుడికి వెళ్ళినవాళ్ళకి మా ఊరు తెలిసే ఉంటుంది. పూర్వం నిజామాబాదు జిల్లా. 2016 నుంచి కామారెడ్డి జిల్లా. అక్కడ మా అత్తవారికి చెలక పక్కన ఒక తోపు ఉంది. పెద్దదేం కాదు, రెండెకరాలు. చింతలు, మామిళ్ళు, రెండు ఇప్పచెట్లు, గెట్టు పొడుగునా టేకు. మా మామగారి తండ్రి పెట్టిన చింతలకి ఇప్పుడు మా పిల్లలు ఊయలలు కడుతున్నారు. సర్కారు అడవి కాదు, దేవుడి మాన్యం కాదు. ఒక కుటుంబం మూడు తరాలుగా కాపాడుకొచ్చిన చిన్న అడవి.

పట్టాపుస్తకంలో పేరు ఎవరిదంటారా? మగవాళ్ళదే లెండి. మామగారు పోయాక కొడుకులది. కాని ఆ టేకు మొక్కలు పెట్టిన ఏడు వానలు మొహం చాటేస్తే, బాయి నుంచి కడవలు మోసి పోసింది మా అత్తమ్మ. మా బావగారు అప్పుడు కడుపులో ఉన్నారట. అంటే ఆ టేకుల వయసూ మా బావగారి వయసూ ఒకటే! మేకలు రాకుండా కంప కొట్టించింది ఆమె. ఇప్పపూలు రాలే రోజుల్లో తెల్లారకముందే చెట్టు కింద ఊడ్పించింది ఆమె. ఏటా చింతపండు కొట్టించి, గింజ తీయించి, మూడిళ్ళకీ ఆడబిడ్డల ఇళ్ళకీ మూటలు కట్టి పంపింది ఆమె.

సరే, పోయిన ఏడు బావగారి అమ్మాయికి సంబంధం కుదిరింది. ఖర్చుల లెక్క మొదలైంది. హాలు, పూల స్టేజి, వీడియో, పైన ఎగిరే కెమేరా, ఇరవై ఒక్క రకాల వంటకాలు. మొత్తం చూసి అందరూ గుండె పట్టుకున్నారు. అప్పుడు బావగారు తాపీగా, "తోపున్నది గద!" అన్నారు. ఆ మాట నోట్లోంచి ఎంత సులువుగా వచ్చిందనుకున్నారు! బీరువాలో చీర ఉంది గదా అన్నంత సులువుగా.

మరునాడే బేరగాడు వచ్చి, మానుల చుట్టూ టేపు పెట్టి కొలిచి, సున్నంతో గుర్తులు పెట్టి పోయాడు. మా మరిది ఇంకో అడుగు ముందుకేశాడు. "ఎట్లాగూ కొడుతున్నం. మొత్తం సాపు చేసి మూడు ముక్కలు పంచుకుందాం. చెట్లుంటే కొలతలు కుదరవు" అన్నాడు. జిల్లా అయ్యాక మా వైపు భూముల ధరలు పెరిగాయి. చెట్టున్న భూమి కంటే చెట్టు లేని ప్లాటు అందంగా కనిపించే కళ్ళు అందరికీ వచ్చేశాయి.

అంతవరకూ గోడకి ఆనుకుని కూర్చున్న అత్తమ్మ అప్పుడు నోరు విప్పింది. "నీళ్ళు వోసెటప్పుడు నేను యాదికున్న. నరికెటప్పుడు యాదికి లేనా బిడ్డా?"

ఎవరి దగ్గరా జవాబు లేదు. నా దగ్గరా లేదు, ఎందుకంటే హాలు పెద్దది చూడమన్నవాళ్ళలో నేనూ ఉన్నాను!

అదీ అసలు సంగతి, అమ్మలారా. అడవి పోతోందంటే మనకి స్మగ్లర్లు, కాంట్రాక్టర్లు గుర్తుకొస్తారు. కాని ఇంటి అడవి పోయేది నడింట్లో, చాప మీద, పాలు పంచుకునే రోజున. అదీ ఆడపిల్ల పేరు చెప్పి. ఆ చాప మీద మాత్రం ఆడవాళ్ళకి చోటుండదు. వంటింట్లోంచి టీ పంపడమే మన భాగం.

"చెట్టంటే మా బ్యాంకమ్మా, అవసరానికి తీసుకుంటాం" అంటారు మగవాళ్ళు. నిజమే. చెట్టుని ముట్టుకోకూడదని నేను అనను. రైతు చెట్టు పెంచేది కాస్త ఆసరా కోసం కూడాను. కాని బ్యాంకులో వడ్డీ తిన్నవాడిని తెలివైనవాడంటాం, అసలు తిన్నవాడిని ఏమంటాం? జర్మనీలో గనుల అధికారి కార్లోవిట్జ్ 1713లోనే పుస్తకం రాసి మరీ చెప్పాడు, అడవి పెరిగినంత మేరకే కొట్టుకోవాలని. మన అవ్వలు పుస్తకం లేకుండానే అదే చేశారు. ఎండిన కొమ్మ పొయ్యిలోకి, ముదిరిన మాను దూలానికి, తక్కినది పిల్లలకి. చింతచెట్టు కాపుకి రావడానికే ఏడెనిమిదేళ్ళు పడుతుంది. ఆ తర్వాత తరాల తరబడి కాస్తూనే ఉంటుంది. దాన్ని ఒక్కపూట భోజనాల కింద ఖర్చు రాయడం ఏ ఇల్లాలి పద్దులోనైనా తప్పే.

"పర్మిషన్ తీసుకునే కొడతాం" అంటారు ఇంకొందరు. 2002లో వాల్టా చట్టం వచ్చింది. నీలగిరి, సరుగుడు లాంటి కొన్నిటి సంగతి వేరుగాని, సొంత పట్టాలో చెట్టైనా అనుమతి లేకుండా కొట్టకూడదన్నారు. మంచిదే. ఆఫీసులో సంతకం కోసం నాలుగుసార్లు తిరుగుతారు. నీళ్ళు పోసిన మనిషి మాత్రం ఇంట్లోనే ఉంటుంది, ఆమెను అడగడానికి నాలుగడుగులు వేయరు.

మరి ఆడపిల్లల మాట? ఉమ్మడి ఆస్తిలో కొడుకులతో సమానంగా కూతుళ్ళకీ హక్కు ఉందని, అప్పటికి పెళ్ళికాని ఆడపిల్లలకు మన రాష్ట్రంలో 1985 సెప్టెంబరు నుంచే చట్టం వచ్చింది. 2005లో దేశమంతటికీ వచ్చింది. 2005 నాటికి తండ్రి బతికి ఉన్నా లేకున్నా ఆ హక్కు పుట్టుకతోనే వస్తుందని 2020లో సుప్రీంకోర్టు తేల్చి చెప్పింది. అయినా మనం ఏం చేస్తున్నాం? అన్నదమ్ములు ఒక పట్టుచీర పెట్టి, "ఇక్కడో సంతకం పెట్టక్కా" అంటే పెట్టేస్తున్నాం. అడిగితే పుట్టింటి గడప దూరమవుతుందని భయం. ఆ భయం నాకూ తెలుసు. కాని తోపులో వాటా అంటే ముక్క కోసుకుని పట్టుకుపోవడం కాదు గదా! "నా సంతకం లేకుండా ఈ చెట్ల మీద గొడ్డలి పడకూడదు" అనడం, అంతే. పుట్టింట్లో నీడ మిగిలి ఉండాలని కోరే ఆడపిల్ల పుట్టింటికి శత్రువా?

సూర్యాపేట జిల్లా రాఘవాపురంలో దుశ్చర్ల సత్యనారాయణగారు తమ పూర్వీకుల భూమి దాదాపు డెబ్భై ఎకరాలను అడవిగా పెంచి కాపాడుతున్నారు. అది తన పిల్లలకు కాదు, పక్షులకీ జంతువులకీ అంటారాయన. ఎంత గొప్ప మాట! కాని ఆ మాట విన్నప్పుడల్లా నాకు చురుక్కుమంటుంది. అడవి బతకాలంటే వారసులు లేకుండా ఉండడమే మేలన్నట్టు తయారయ్యామా మనం? ఫిన్లాండులో సగానికి పైగా అడవి మామూలు కుటుంబాలదే. వారసులు పెరిగితే అడవిని ముక్కలు చేయకుండా, వాటాలు కాగితం మీద ఉంచి ఉమ్మడిగా చూసుకునే ఏర్పాటు వాళ్ళ చట్టంలో ఉంది. ఉమ్మడి కుటుంబం మన ఆస్తి అని గొప్పలు పోయే మనకి, ఉమ్మడి తోపు చేతకాదా?

మా తోపు ఏమైందో చెప్పలేదు కదూ. చివరికి అడ్డం పడింది పెళ్ళికూతురే. "నా పెండ్లి పేరు చెప్పి గా చెట్లను కొట్టకుండ్రి నాయినా. హాలు చిన్నది చూడుండ్రి, కెమేరా వద్దు" అంది. బావగారు కోప్పడ్డారు, యారాలు ఏడ్చింది, రెండు రోజులు ఇంట్లో పొయ్యి సరిగా వెలగలేదు. మొత్తానికి ముదిరిన టేకులు ఎనిమిది పోయాయి. కాదనను. తక్కినవి నిలిచాయి. భాగపరిష్కారం కాగితంలో చెలక మూడు ముక్కలైంది. తోపు మాత్రం ఉమ్మడిగా ఉంది. ముగ్గురు కొడుకుల పక్కన అత్తమ్మ పేరూ, ఇద్దరు ఆడబిడ్డల పేర్లూ రాశారు. అందరూ సంతకం పెడితేనే గొడ్డలి. పెద్ద ఆడబిడ్డ సంతకం పెడుతూ, "చీర పెట్టకున్నా మంచిదే, చింతపండు మాత్రం పంపుండ్రి" అంది.

పెళ్ళి బాగానే జరిగింది. వంటకాలు పదకొండే. ఎవరూ ఆకలితో వెళ్ళలేదు. ఎనిమిది టేకులు పోయినచోట ఎనిమిది గుంటలు తీసి మొక్కలు పెట్టారు. ఈసారి నీళ్ళు పోసే వంతు మా మరిదిది. అత్తమ్మ చేతికర్ర పట్టుకుని గెట్టు మీద నిలబడి పోయిస్తోంది!

కనుక మీ ఇంట్లో పెళ్ళి మాటలు మొదలైనప్పుడు బంగారం ఎన్ని తులాలని అడిగే ముందు, తోపులో చెట్లు ఎన్నని అడగండి. పెళ్ళయ్యాక మళ్ళీ ఒకసారి లెక్కపెట్టండి. ఏమంటారు?